డేటాషీట్‌లోని ‘ఒకటి’ గారికి

మహారాజశ్రీ ఒకటి గారికి,
రెండో పేజీ, కింది నుంచి మూడో వరుస, ‘డీడబ్ల్యూపీడీ’ (డ్రైవ్ రైట్స్ పర్ డే, అంటే డ్రైవ్‌ని రోజుకి ఎన్నిసార్లు నిండా రాయొచ్చో) అనే గడిలో కాపురం.

అయ్యా, తమరు అక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం కాదు. శనివారం మధ్యాహ్నం తిండి మానేసి నాలుగు గంటలు వారంటీ వాళ్లతో చాట్‌లో కూర్చుంటే చివరికి తేలిందేమిటంటే, మా సర్వర్‌లోని ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ చెడిపోలేదట, మేమే ‘వాడేశామట’. చావు కబురు ఇంతకన్నా చల్లగా ఎవరూ చెప్పలేరు. ఇరవై నెలలు కూడా నిండని డ్రైవ్, ఐదేళ్ల వారంటీ అని బొటనవేలంత అక్షరాలు వేసుకున్న డ్రైవ్, తన ఆరోగ్యం తానే రాసుకునే దాని స్మార్ట్ లాగ్ తెరిస్తే ‘పర్సెంటేజ్ యూజ్డ్: 103’ అంటోంది. నూట మూడు! ఆ మీటరు 255 దాకా లెక్కపెట్టగలదని ఆ రోజే తెలిసింది. వంద దాటాక కూడా లెక్క కావాల్సి వస్తుందని ముందే ఊహించిన మహానుభావుడెవరో గానీ, నాలాంటి వాళ్లను బాగా ఎరిగినవాడే.

తమరిని ఏరి కోరి తెచ్చుకున్నది నేనే, కాదనను. 1.92 టెరాబైట్ల డ్రైవ్, రోజుకి ఒకసారి నిండా రాసుకోవచ్చు, అలా ఐదేళ్లు. మాకు రోజూ వచ్చిపడే కొత్త డేటా 40 గిగాబైట్లు, పాతది ఎప్పటికప్పుడు తుడిచేస్తాం. 40 ఎక్కడ, 1,920 ఎక్కడ? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అనుకున్నాను. రోజుకి మూడుసార్లు నిండా రాయనిచ్చే ‘మూడు’ గారి ధర చూసి ఇంత అవసరమా అని మీటింగులో నవ్వింది కూడా నేనే, అది ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా డేటాబేస్‌లో వరుస ఒక్కొక్కటీ 200 బైట్లు. దాన్ని మార్చాలంటే డేటాబేస్ 16 కిలోబైట్ల పేజీ మొత్తం రాస్తుంది, మధ్యలో కరెంటు పోతే పేజీ సగంలో చిరిగిపోతుందన్న భయంతో అదే పేజీని ముందు ఇంకోచోట కూడా రాస్తుంది. 200 బైట్లకి 32 కిలోబైట్లు! ఆపైన లాగులు వేరే. చీటీలో ఒక అక్షరం దిద్దడానికి దస్తావేజంతా రెండుసార్లు తిరగరాసినట్టు. అలా మా 40 గిగాబైట్లు డ్రైవ్ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి రోజుకి 6 టెరాబైట్లు అయ్యాయి. అంటే ఒకటి గారి నెత్తిన మూడు రెట్ల బరువు. ఇదంతా డేటాబేస్ తప్పేగా అంటారా? సరే, ఒప్పుకుంటా. స్మార్ట్ లాగ్‌లో ‘డేటా యూనిట్స్ రిటెన్’ని ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి చూసి, తేడాని 5,12,000 బైట్లతో గుణిస్తే నిజం బయటపడేది, రెండు నిమిషాల పని. చెయ్యలేదు. అదొక్కటీ నా తప్పు.

మిగతాది మాత్రం మీదే. గ్రాఫ్‌లో రాతల వేగం చూస్తే సెకనుకి 70 మెగాబైట్లు. అంతే. పచ్చటి గీత, నిద్రపోతున్నట్టు బల్లపరుపుగా, పంతొమ్మిది నెలలు. పక్కనే డేటాషీట్‌లో సెకనుకి 2,000 మెగాబైట్లు రాస్తానని కోతలు. ఆ 2,000 పక్కన ఈ 70 ఏపాటిది? కానీ రోజుకి 86,400 సెకన్లు కదా, ఆ ముక్కిపోయిన 70 ఆగకుండా కారితేనే 6 టెరాబైట్లు. సరే, పంతానికి ఇంకో లెక్క వేశాను. తమరి జీవితకాలపు కోటా 1.92 ఇంటూ 365 ఇంటూ 5, అంటే 3,504 టెరాబైట్లు. డబ్బా మీద రాసుకున్న ఆ వేగంతోనే రాసుకుంటూ పోతే అదంతా ఎన్నాళ్లకి అయిపోతుందో తెలుసా?

ఇరవై రోజులు.

ఇరవై రోజులయ్యా! ముందు పేజీలో 2,000, దాని కిందే ఐదేళ్లు, రెండూ పెద్ద అక్షరాలే, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం, ఆ రెంటికీ మధ్య తగువు తీర్చాల్సిన నువ్వు వెనక పేజీలో చీమంత అక్షరాల్లో నక్కి కూర్చుంటావు. ‘ఐదేళ్లు లేదా 3,504 టెరాబైట్లు, ఏది ముందైతే అది’ అన్న వాక్యం శనివారం చాట్‌లో మూడుసార్లు అతికించారు నాకు. ఆ ‘లేదా’ ముందు పేజీలో ఎందుకు లేదు? నీకు సిగ్గుందా అసలు?

పైగా నీ పక్కన ‘రీడ్ ఇంటెన్సివ్’ అని ఒక బిరుదు. రాస్తే చస్తాను అని తెలుగులో చెప్పొచ్చుగా. 3.84, 3.2 టెరాబైట్ల అన్నదమ్ముల కథ ఇంకో విడ్డూరం, చాలాసార్లు లోపల చిప్పులు అంతే ఉంటాయి, చిన్నవాడు కొంత చోటు దాచుకుంటాడు కాబట్టి చెత్త సర్దుకోవడం సులువై ఎక్కువ రాతలకి తట్టుకుంటాడు, వాడికి ‘మిక్స్‌డ్ యూజ్’ అని పేరు. ఇక ఒకే డేటాని రెండు డ్రైవ్‌ల్లోనూ రాసే మిర్రర్‌లో నీ కవల: ఇద్దరికీ అవే రాతలు, 103 ఒకడు, 102 ఒకడు. ఒకడు పోతే ఇంకొకడు ఆదుకుంటాడని పెట్టిన ఏర్పాటు అది, ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని ఒకేసారి వెళ్దామని చూస్తున్నారు.

ఇంత తిట్టాక ఒకటి చెప్పాలి. అదే లాగ్‌లో కింద ‘అవైలబుల్ స్పేర్: 98’, అంటే అత్యవసరానికి దాచిన చోటు నూటికి 98 వంతులు మిగిలే ఉంది, ‘మీడియా ఎర్రర్స్: 0’. 3,600 టెరాబైట్లు మింగి, కోటా దాటేసి, ఒక్క బిట్ పోగొట్టలేదు. అది చూసి కాసేపు మాట రాలేదు. నువ్వు అబద్ధాలకోరువే గానీ నువ్వున్న డ్రైవ్ మాత్రం పాపం కష్టజీవి.

కొత్తవాటికి ఈసారి లెక్క వేసే వెళ్లాను. 1.6 టెరాబైట్లు, మూడు డీడబ్ల్యూపీడీ అంటే ఐదేళ్ల కోటా 8,760 టెరాబైట్లు, మా రోజుకి 6 చొప్పున సరిగ్గా నాలుగేళ్లు, మళ్లీ అదే గోల. 7.68 అయితే నీలాంటి ఒకటితోనే 14,016 వస్తుంది, ఆరేళ్లు దాటుతుంది, అంటే మూడు కన్నా ఒకటి ఎక్కువైన చోటు కూడా ఉంది, ఇది మీటింగులో చెబితే ఈసారి నన్ను చూసి వాళ్లు నవ్వారు. చివరికి 3.2లో మూడు తీసుకున్నాం, 17,520, ఎనిమిదేళ్లు. మార్పిడి సోమవారం రాత్రి రెండింటికి.

నిన్ను తీసి సొరుగులో పడేద్దామంటే అదీ కుదరదు. ఆయుష్షు అయిపోయిన సర్వర్ డ్రైవ్ కరెంటు లేకుండా 40 డిగ్రీల్లో మూడు నెలలు డేటా నిలబెడితే చాలన్నది చిప్పులకి ప్రమాణాలు రాసే జెడెక్ వాళ్ల నిబంధన. కాబట్టి టెస్ట్ సర్వర్‌లో ఒక మూల స్లాట్ చూసి పెట్టాను. అక్కడ రాసే పనేమీ లేదు, చదువుకుంటూ ఉండు. సోమవారం దాకా మాత్రం చావకు.

ఇట్లు,
నిన్ను నమ్మినవాడు