తొందరలో డిజిటల్

సంక్షోభం వస్తేనే ప్రభుత్వ సంస్థలు డిజిటల్ బాట పడతాయని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట సగమే నిజం. చాలాచోట్ల జరిగేది పాత పనినే కంప్యూటర్‌లోకి ఎక్కించడం. 2020 అక్టోబరులో ఇంగ్లండ్‌లో బయటపడిన సంగతి చూడండి. ప్రయోగశాలలు పంపిన కోవిడ్ ఫలితాలను పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు. అందులో షీటుకు 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చడీచప్పుడు లేకుండా రాలిపోయాయి. దాదాపు 16,000 పాజిటివ్ కేసులు ఆలస్యంగా లెక్కకెక్కాయి, వాళ్లతో మెలిగినవారికి కబురూ ఆలస్యంగానే వెళ్లింది. కొదవ కంప్యూటర్లకు కాదు, ఫైలు నిండితే ఏమవుతుందని ముందే అడిగేవాళ్లకు. ప్రభుత్వ శాఖల సమాచారాన్ని కలిపే ఎక్స్‌రోడ్ అనే డిజిటల్ వ్యవస్థను ఐరోపా దేశం ఎస్టోనియా 2001లోనే, తీరిగ్గా ఉన్నప్పుడే వేసుకుంది. దాని ఊసే ఆ వ్యాసంలో లేదు, ఎందుకో!