తిసా యుద్ధం కోరాడా?

మొదటి ప్రపంచయుద్ధం ప్రస్తావన వస్తే చాలు, ఈ మాట ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది: "హంగరీ ప్రధాని ఇష్ట్వాన్ తిసా యుద్ధం కోసం ఉవ్విళ్లూరాడు. చక్రవర్తిని ఒప్పించి సెర్బియా మీదికి సైన్యాన్ని పంపాడు. ఆ పాపానికే ప్రాణం పోగొట్టుకున్నాడు."

ఉవ్విళ్లూరడం సంగతి ముందు చూద్దాం. 1914 జులై 7న వియన్నాలో ఆస్ట్రియా-హంగరీ ఉమ్మడి మంత్రిమండలి సమావేశమైంది. మిగతావారంతా యుద్ధానికి సిద్ధం. అడ్డుచెప్పింది తిసా ఒక్కడే. మరునాడు చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌కు తన అభ్యంతరాలు రాసి పంపాడు కూడా. ఇదేమీ అహింసావాదం కాదు, పక్కా లెక్క. రష్యా రంగంలోకి దిగుతుందని, రుమేనియా అప్పటి హంగరీలోని ట్రాన్సిల్వేనియా మీద పడుతుందని, సెర్బియాను కలుపుకుంటే సామ్రాజ్యంలో స్లావుల సంఖ్య పెరిగి హంగేరియన్ల పలుకుబడి తగ్గుతుందని అతని భయం.

ఇక చక్రవర్తిని ఒప్పించడం. జరిగింది తలకిందులు! జులై 5, 6 తేదీల్లో అండగా ఉంటానని జర్మనీ ఇచ్చిన అభయం, సన్నిహితుడు బురియాన్ నచ్చజెప్పడం పనిచేసి, 14 నాటికి తిసాయే లొంగాడు. సెర్బియా భూమిని కలుపుకోకూడదని షరతు పెట్టాడు. 23న అల్టిమేటం వెళ్లింది, 28న యుద్ధం మొదలైంది. ఇక్కడ మాత్రం నేను అతన్ని వెనకేసుకురాను. విదేశాంగ మంత్రి బెర్క్‌టోల్డే అయినా హంగరీ ప్రధాని సమ్మతి లేకుండా అడుగు పడదు. రాజీనామా చేసి ఉండవచ్చు, చేయలేదు. అయితే తలొగ్గినవాడి తప్పు వేరు, ఎగదోసినవాడి తప్పు వేరు.

చావు మాటకొస్తే, 1918 అక్టోబరు 31న బుడాపెస్ట్‌లోని ఇంట్లోకి చొరబడిన సైనికులు అతన్ని కాల్చి చంపారు. యుద్ధానికి అతనే మూలమని వాళ్ల నమ్మకం. తన అసమ్మతిని తిసా బయటపెట్టలేదు. వియన్నా సమావేశాల పత్రాలు 1919లో గానీ వెలుగు చూడలేదు. అయినా జనం అతన్ని ద్వేషించడానికి యుద్ధమే అక్కర్లేదు. 1912 జూన్ 4న హంగరీ పార్లమెంటు దిగువసభ సభాపతిగా ఉండి ప్రతిపక్ష సభ్యులను పోలీసులతో బయటికి గెంటించాడు. మూడు రోజులకు గ్యులా కోవాచ్ అనే సభ్యుడు సభలోనే అతని మీద కాల్పులు జరిపాడు, గురి తప్పింది. నూటికి ఆరుగురికే ఓటున్న దేశంలో ఆ హక్కును విస్తరించనివ్వలేదు. 1917 మేలో పదవి వదిలింది కూడా ఆ పట్టుదలతోనే, కొత్త రాజు కార్ల్ కోరినా వినకుండా. ఆ నేరాలకు అతన్ని తిట్టుకునేవారితో నాకు పేచీ లేదు.