బ్రౌజర్ల పంచాయితీ ఏడురోడ్ల దగ్గరే తేలాలి

క్రోమ్ గొప్పదా, ఎడ్జ్ గొప్పదా అని ఎక్కడెక్కడో మిల్లీసెకన్లు లెక్కపెడుతున్నారు. దండగ పని. ఆ తీర్పు ఇవ్వాల్సింది కడప ఏడురోడ్ల పక్క సందులో, 4 జీబీ ర్యామ్ సిస్టమ్ ముందు కూర్చున్న నెట్ సెంటర్ అన్న. వేగం ఊసు ఆయన ఎత్తనే ఎత్తడు. అవతల సర్వర్ పడుకుంటే ఇవతల ఏదైతే ఏం?

పైగా ఇంజిన్ ఒకటే. ఒపెరా 2013 నుంచి, ఎడ్జ్ 2020 నుంచి క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీదే నడుస్తున్నాయి. క్రోమ్ దించుకోబోతే 'నాదీ అదే టెక్నాలజీ, పైన మైక్రోసాఫ్ట్ నమ్మకం కూడా' అని ఎడ్జ్ అడ్డంపడి బతిమాలిన రోజులున్నాయి. విండోస్‌లో వేరు కుంపటి ఫైర్‌ఫాక్స్‌దే.

అలాగని ఎడ్జ్‌ను తీసిపారేయలేం. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న కాలం చేసింది. ఆ కబురు ఇంకా అందని సైట్లున్నాయి. వాటికోసం ఎడ్జ్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ బ్రౌజర్'కెళ్లి, ఐఈ మోడ్‌కు (పాత ఎక్స్‌ప్లోరర్ వేషానికి) 'అలో' పెట్టి, రీస్టార్ట్ చేసి, సైటు అడ్రసు చేర్చాలి. అది 30 రోజులే ఉంటుంది, తర్వాత మళ్లీ చేర్చాలి. పోయినవాళ్లకు నెలనెలా మాసికం పెట్టే సదాచారం ఒక్క ఎడ్జ్‌కే ఉంది. కనీసం 2029 దాకా పెడతామని మైక్రోసాఫ్ట్ మాట కూడా ఇచ్చింది.

అసలు తిప్పలు ఇన్‌కాగ్నిటోతో, అంటే మూయగానే హిస్టరీ, లాగిన్లు మరిచిపోయే క్రోమ్ ప్రైవేట్ విండోతో. పిల్లోడి అప్లికేషన్ నింపి, ఆ విండో మూయకుండా, వెనకాయన కోసం ఇంకో ఇన్‌కాగ్నిటో విండోలో అదే సైటు తెరిస్తే పిల్లోడి లాగినే దర్శనమిస్తుంది. ఆ విండోలన్నీ కుకీలను (లాగిన్‌ను గుర్తుపెట్టుకునే చీటీలను) ఉమ్మడిగా వాడుకుంటాయి, చివరిది మూసేదాకా అవి పోవు. ఫైర్‌ఫాక్స్ ప్రైవేట్ విండోదీ ఇదే గుణం. కాకపోతే దానికి 'మల్టీ అకౌంట్ కంటైనర్స్' అనే యాడ్ఆన్ ఉంది, మామూలు విండోలోనే కంటైనర్‌కో లాగిన్ పెట్టుకోవచ్చు. పనవగానే లాగౌట్ మాత్రం మనమే కొట్టాలి, తనంతట తాను తుడుచుకోదు.

ప్రింటులో పైన తేదీ, కింద జానెడు అడ్రసు పడితే 'మోర్ సెట్టింగ్స్'లో 'హెడర్స్ అండ్ ఫుటర్స్' టిక్కు తీసేయాలి. రిసీట్ రాలేదని మళ్లీ మళ్లీ సబ్మిట్ నొక్కకండి, పాపప్ బ్లాకై ఉంటుంది. క్రోమ్‌లో అడ్రస్ బార్ కుడి చివరి గుర్తు నొక్కి 'ఆల్వేస్ అలో' అనండి. ఇక్కడ అలో పుణ్యం. ఏదో సినిమా సైటు 'నోటిఫికేషన్లు చూపమంటారా' అన్నప్పుడు అదే అలో మహాపాపం. మర్నాటి నుంచి స్క్రీన్ మూలన వైరస్ హెచ్చరికలు, లాటరీ కబుర్లు. వాటిని చేరవేయడంలో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటికీ ఫస్ట్ క్లాసే.