ఎడిటర్ అక్కర్లేదు సరే, జవాబు చెప్పేదెవరు?

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. "ఏది వార్తో తేల్చడానికి ఇక ఎడిటర్లు అక్కర్లేదు, ఆ గుత్తాధిపత్యాన్ని సోషల్ మీడియా బద్దలు కొట్టింది" అంటూ నాలుగు పాయింట్లు. కింద రాసినవారి పేరు లేదు. పంపినవాళ్లలో ఒకప్పుడు పత్రికలో వార్తలు సరిచూసి దిద్దే డెస్క్‌లో పనిచేసిన మిత్రులూ ఉన్నారు. నాకు కోపం తెప్పించింది అదే.

మొదటిది: పేపర్ తెల్లారితే గానీ రాదు, పోస్టు క్షణంలో వస్తుంది. నిజమే. రేడియో వచ్చినప్పటి నుంచీ నిజమే. ముందుకు వెళ్దాం.

రెండోది: పత్రికలకు యజమానులు, ప్రకటనకర్తలు ఉంటారు, సోషల్ మీడియాకు పై అధికారి లేడు. ఫేస్‌బుక్ ఆదాయంలో సింహభాగం ప్రకటనలదే కదా! వియత్నాం యుద్ధంలో నాపామ్ బాంబుకు ఒళ్లు కాలి పరుగెత్తుతున్న బాలిక ఫొటోను 2016లో ఆ సంస్థ నగ్నత్వం పేరుతో తొలగించింది. నార్వే పత్రిక ఆఫ్టెన్‌పోస్టెన్ ఎడిటర్ మొదటి పేజీలో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్‌కు బహిరంగ లేఖ రాశారు. ఆ దేశ ప్రధాని అదే ఫొటో పెడితే దాన్నీ తీసేశారు. గగ్గోలు రేగాక గానీ తిరిగి రానివ్వలేదు. 1972లో ఈ ఫొటో పంపాలా వద్దా అని అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ సైగాన్ ఆఫీసులోనూ వాదన జరిగింది. పంపాల్సిందేనని పట్టుబట్టిన ఫొటో ఎడిటర్ హోర్స్ట్ ఫాస్ పేరు మనకు తెలుసు. 2016లో తీసేసిందెవరో తెలుసా? ఏది లోపలికి రావాలో తేల్చే గేటు ఎక్కడికీ పోలేదు. దాని దగ్గర నిలబడ్డ మనిషి ఎవరో మనకు కనబడడం లేదు, అంతే.

మూడోది: లైకులే ఓట్లు, జనం మెచ్చిందే వార్త. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన ఫీడ్‌లో పత్రికల పోస్టులను తగ్గించి బంధుమిత్రుల పోస్టులకు పెద్దపీట వేసింది. దానికి ఏ జనం ఓటేశారు? ఆ ఫీడ్‌ను నమ్ముకుని శీర్షికలు మార్చుకున్న డెస్కులు మాత్రం ఒక్కసారిగా పాఠకులను పోగొట్టుకున్నాయి.

ఇక నాలుగోది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇదే: "తప్పు వస్తే వేలమంది కలిసి క్షణాల్లో సరిదిద్దుతారు." ఎక్కడ సరిదిద్దారు? 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలను అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి, 2018లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజంకన్నా అబద్ధాన్ని మళ్లీ పంచే అవకాశం 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి నిజానికి ఆరు రెట్ల సమయం పట్టింది. యంత్ర ఖాతాలను పక్కన పెట్టి చూసినా ఫలితం మారలేదు. పంచింది మనుషులే, మనలాంటివాళ్లే.

ఇది అంకెలతో పోయే వ్యవహారం కాదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక, రెడిట్ అనే చర్చా వెబ్‌సైట్‌లో జనం ఫొటోలు ముందేసుకుని దర్యాప్తుకు దిగారు. కొన్ని వారాలుగా కనిపించకుండా పోయిన ఒక విద్యార్థే నిందితుడని తేల్చేశారు. కొందరు విలేకరులూ ఆ పేరును తమ ఖాతాల్లో పెట్టేశారు. అదే వార్త డెస్క్‌కు వచ్చి ఉంటే "ధ్రువీకరించిందెవరు?" అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగాల్సింది. తెల్లారేసరికి అసలు నిందితులు వేరని తేలింది. ఈలోగా కొడుకు కోసం వెతుక్కుంటున్న కుటుంబం తిట్లు పడింది. ఆ కుర్రాడు అప్పటికే ప్రాణాలతో లేడు. రెడిట్ క్షమాపణ చెప్పింది. దాన్నా మీరు సరిదిద్దడం అంటున్నారు?

అదే వారం న్యూయార్క్ పోస్ట్, ఏ పాపం తెలియని ఇద్దరి ఫొటోను మొదటి పేజీలో పరిచింది. అప్పటికే ఆ ఫొటోలు నెట్‌లో తిరుగుతున్నాయి. నేను భయపడేది దీనికే. "ఎవరు చెప్పారు?" అని అడగాల్సిన చోట "అందరూ పెట్టేశారు, మనమెందుకు పెట్టలేదు?" అని అడగడం మొదలైంది.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. 2020 మేలో మెడపై పోలీసు అధికారి మోకాలు అదమడంతో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయినప్పుడు అమెరికాలోని మినియాపొలిస్ పోలీసుల తొలి ప్రకటన దాన్ని వైద్యపరమైన ఘటనగా చెప్పింది. ఆ ప్రకటన ఒక్కటే ఉంటే చాలా పత్రికల్లో నాలుగు లైన్లతో సరిపోయేది. 17 ఏళ్ల అమ్మాయి ఫోన్‌లో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టిన వీడియో ఆ అబద్ధాన్ని నిలువునా చీల్చింది. మరుసటి ఏడాది అక్కడ పత్రికా రంగ పురస్కారాలిచ్చే పులిట్జర్ బోర్డు ఆమెకు ప్రత్యేక గుర్తింపునిచ్చింది. అధికారుల మాటను అడ్డూ ఆపూ లేకుండా లోపలికి వదిలే అలవాటు డెస్కులకు ఎప్పటి నుంచో ఉంది. ఆ మేరకు మెసేజ్ రాసినవారి కోపం న్యాయమే.

పాఠకుల తరఫున పత్రిక పొరపాట్లను ప్రశ్నించడానికే న్యూయార్క్ టైమ్స్ 2003లో పబ్లిక్ ఎడిటర్ పదవి పెట్టింది. 2017లో, సోషల్ మీడియాలోని పాఠకులే ఇప్పుడు కాపలా కాస్తున్నారంటూ దాన్ని ఎత్తేసింది. అంటే ఈ ఫార్వర్డ్‌లోని వాదనను అంత పెద్ద పత్రికా నమ్మింది! ఆ పదవిలో ఉన్నవారు రిపోర్టర్‌ను, ఎడిటర్‌ను నేరుగా అడిగి, వాళ్ల జవాబును అదే పత్రికలో అచ్చు వేయించగలిగేవారు. కామెంట్ పెట్టే పాఠకుడికి ఎవరు జవాబిస్తారు?