ఏ తల్లి పిల్లలివి?

గుంటూరు మిర్చి రైతు విత్తనం కొంటే లాట్ నంబరు చూసుకుంటాడు. మొలక రాకపోతే బిల్లు పట్టుకుని షాపు ముందు కూర్చుంటాడు. వరి రైతును నిద్రలో లేపి అడిగినా తన రకం బీపీటీ 5204 అని చెబుతాడు. ఒంగోలు గిత్తకైతే తాతముత్తాతల చరిత్రే తీస్తారు. మన చేపల రైతు మాత్రం లక్షల పిల్లలు కొనేటప్పుడు రెండే అడుగుతున్నాడు: సైజు ఎంత, రేటు ఎంత? ఏ తల్లి పిల్లలివని అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు.

కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో హౌరాకు వెళ్లే సరుకులో అధిక భాగం శీలావతి (రోహు), ఆ తర్వాత బొచ్చె (కట్లా). శీలావతి పుట్టిల్లు గంగ, బ్రహ్మపుత్ర నదులు. మన నీళ్లలో పెరిగి మళ్లీ అటే పోతోంది. ఒకప్పుడు పిల్లల కోసం నదుల్లో వలలు వేయాల్సి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారం ఎక్కించి, శీలావతి, బొచ్చె కూడా చేరే కార్ప్ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాక ఆ అవస్థ తప్పింది. ఇప్పుడు వానాకాలంలో చేప పిల్లల్ని పుట్టించే ఏ హేచరీకి వెళ్లినా ఒకటే దృశ్యం. తడి గుడ్డలో తల్లి చేపను ఒడిసిపట్టి, రెక్క మొదట్లో హార్మోన్ సూది వేసి, గుండ్రటి తొట్టిలో వదులుతారు. తెల్లారేసరికి తొట్టి నిండా గుడ్లు. పిల్ల బయటికొచ్చాక జాలీ కప్పుతో కొలిచి, ఆక్సిజన్ సంచుల్లో నింపి పంపేస్తారు.

తేలికైన చోటే చిక్కు వచ్చింది. కిలో బరువున్న తల్లి లక్షకు పైగానే గుడ్లు పెడుతుంది. గుప్పెడు తల్లి చేపలుంటే చాలు, ఊరి చెరువులన్నీ నిండుతాయి. ఆ పిల్లల్లోంచే మళ్లీ తల్లుల్ని ఏరుకుంటే అన్నాచెల్లెళ్ల వరస కలిసిపోతుంది. మేనరికాలే వద్దని డాక్టర్లు చెబుతున్న రోజులివి! లెక్క కష్టమైనదేమీ కాదు. ఆడా మగా సమానంగా 50 చేపలు తర్వాతి తరానికి తల్లిదండ్రులైతే రక్తసంబంధం తరానికి 1 శాతం పెరుగుతుంది. ఆ సంఖ్య 10కి పడిపోతే 5 శాతం. అది ముదిరేకొద్దీ పిల్లల ఎదుగుదల తగ్గుతుంది. దానికితోడు ఏపుగా పెరిగినవి ముందే లారీ ఎక్కుతాయి, మిగిలినవి తల్లులవుతాయి. అంటే మనకు తెలియకుండానే ఎదగని చేపను ఎంపిక చేసుకుంటున్నాం. శీలావతినీ బొచ్చెనూ ఒకే తొట్టిలో వదిలితే పుట్టేది ఏమిటో హేచరీ వాళ్లకూ తెలియదు.

చేప ఎదగని ప్రతిసారీ నెపం సీడ్ మీదకు, అంటే కొన్న పిల్లల మీదకు నెట్టడమూ న్యాయం కాదు. చెరువు మురిగితే, పిల్లలు కిక్కిరిస్తే, చేప పేను పడితే మంచి జాతి కూడా ఎదగదు. కానీ నీటిని మార్చుకోవచ్చు, మందు వేసుకోవచ్చు. చెరువులో పడ్డ పిల్ల పుట్టుకను ఎవరూ మార్చలేరు. వెదురు గడలకు వేలాడే సంచుల్లో రైతు రోజూ నింపే తవుడు, చెక్క ఖర్చే పెట్టుబడిలో పెద్ద వాటా. ఎదగని చేప కూడా ఆ మేత తింటూనే ఉంటుంది.

దీనికి విరుగుడు పాతికేళ్ల కిందటే వచ్చింది. భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ సిఫా నార్వే నిపుణులతో కలిసి గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల శీలావతిని తమ ఫారం చేపతో కలిపింది. ఒక్కో కుటుంబాన్ని విడిగా పెంచి, గుర్తు కోసం ఒంట్లో బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దదైన చిప్ పెట్టి, ఏ కుటుంబం ఎక్కువ ఎదిగిందో చూసి, దగ్గరి చుట్టరికం లేని వాటినే జత కలిపింది. ఎదుగుదల తరానికి సుమారు 17 శాతం మెరుగైంది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సమయంలో విడుదలైన ఈ చేపకు జయంతి అని పేరు పెట్టారు. 2022లో బొచ్చెలోనూ అలాంటి మేలు రకం, అమృత్ కట్లా వచ్చింది. ఇది జన్యుమార్పిడి కాదు. వేరే జీవి జన్యువు ఇందులో లేదు. మన తాతలు గిత్తల్లో చేసిన పనినే లెక్కలు రాసి చేశారు, అంతే.

సిఫా ప్రాంతీయ కేంద్రం విజయవాడ పక్కన పోరంకిలోనే ఉంది. సిటీ బస్సెక్కి వెళ్లొచ్చు. అయినా జయంతి అన్న పేరుతో మార్కెట్లో అమ్మే సంచిలో ఉన్నది జయంతేనని రైతుకు రూఢి చేసే కాగితం లేదు. ఒకసారి తల్లుల్ని తెచ్చుకుని, ఏళ్ల తరబడి వాటి పిల్లల్నీ, ఆ పిల్లల పిల్లల్నీ వాడుకుంటే ఆ పేరు బోర్డు మీదే మిగులుతుంది. 2006లోనే రాష్ట్రం ఆక్వా సీడ్ నాణ్యతకు చట్టం చేసింది. 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థకూ చట్టం వచ్చింది. అధికారాలకు కొదవ లేదు. హేచరీకి వెళ్లి రిజిస్టర్ తెరవమనే అధికారి కావాలి.

మేము అడుగుతున్నది పెద్ద కోరికేమీ కాదు. తల్లి చేపలు ఎక్కడివి, ఏ సంవత్సరంలో తెచ్చారు, ఎన్ని జతలు కలిపారు అన్నది సీడ్ బిల్లు మీద ఉండాలి. చిన్న హేచరీలు కొత్త తల్లుల్ని తెచ్చుకునే ఖర్చులో కొంత ప్రభుత్వం భరించాలి, లేకపోతే ఈ నిబంధన పెద్దవాళ్లకే మేలు చేస్తుంది. రైతు సంఘాలు కూడా రూపాయి రేటు దగ్గర బేరమాడే ముందు ఆ బిల్లు చూపించమని పట్టుబట్టాలి. జూన్‌లో తొలకరి పడగానే హేచరీల్లో సూదులు మొదలవుతాయి. బిల్లు పుస్తకాలు ఆలోపే అచ్చు వేయించాలి.