జనశుణాణి అమ్మగారికి, రాయగడ నుంచి

రాయగడ జిల్లా తెలుగువాళ్లు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ షామియానా, మీ మైకు క్షేమమని తలుస్తాం.

గనికో ఫ్యాక్టరీకో పర్యావరణ అనుమతి ఇచ్చే ముందు జనం మాట వినే సభ మీరు. మిమ్మల్ని తెలుగులో ప్రజాభిప్రాయ సేకరణ అంటారు. సరైన పేరే, సేకరిస్తారు, అంతే. ధాన్యం సేకరించేవాడైనా తూకం వేస్తాడు. మీరు చేతులెత్తమనరు, ఓట్లు లెక్కపెట్టరు.

2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో మీ జాతకమంతా ఉంది. 30 రోజుల ముందు నోటీసు, ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో. కొండ మీద కువి అనే కోందుల భాష మాట్లాడేవాళ్లూ, సంతలో తెలుగు మాట్లాడే మేమూ ఒడియా పేపరు చదువుకుని ముస్తాబై రావాలి. కోరం, అంటే కనీసం ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదట. పెళ్లికైనా ఇద్దరు కావాలి కదమ్మా, మీకు ఒక్కరూ రాకపోయినా ముహూర్తం దాటదు.

మావాళ్ల తప్పూ ఉందిలెండి. మైకు దొరగ్గానే "గని రద్దు చెయ్యాలి" అని గొంతు చించుకుంటారు. సభలో ఎవరేమన్నారో రాసే మీ మినిట్స్‌లో అది "కొందరు వ్యతిరేకించారు" అన్న ఒక్క ముక్కయి కూర్చుంటుంది. "మా పిల్లలకి ఉద్యోగాలివ్వండి" అంటే మాత్రం పొల్లుపోకుండా ఎక్కుతుంది. అదే "కంపెనీ పర్యావరణ నివేదిక ఫలానా పేజీలో మా ఊరి వాగు లేదు, ఎందుకు?" అని అడిగితే పని పడుతుంది. పర్యావరణం మీద గట్టి ఆక్షేపణ వస్తే కంపెనీ తుది నివేదికలో దానికి జవాబు రాయాలి. వాగు లేకపోవడానికి కారణమూ చిత్రమే: వర్షాకాలం వదిలేసి ఒక్క సీజను కొలతలు తీస్తారు. మండువేసవిలో కొలిస్తే శ్రావణంలో పొంగే వాగు ఎక్కడ కనపడుతుంది?

అధ్యయనం కూడా సాధారణంగా గని చుట్టూ 10 కిలోమీటర్ల గీతలోనే. నాగావళి నది మాత్రం ఆ గీత దగ్గర ఆగదు, పార్వతీపురం వైపు పోతుంది. గీత అవతలివాళ్లు మీ మైకు ముందుకి రాలేకపోయినా రాతపూర్వకంగా ఆక్షేపణ పంపొచ్చు. రెండు ప్రతులు చేసి, ఒకటి కాలుష్య నియంత్రణ బోర్డుకిచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాగితం మీ ఇంట్లో పకోడీ పొట్లం.

మీ చెల్లెలు పల్లిసభ, అంటే ఊరివాళ్లంతా కూర్చునే ఒడిశా గ్రామసభ, తీరు వేరు. ఆమెకి అటవీ హక్కుల చట్టం సారె పెట్టింది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరి కొండ మీద బాక్సైట్ గని సంగతి ఆమెనే అడగమంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి చూస్తుండగా రాయగడ వైపు 7 ఊళ్లు, కలాహండి వైపు 5 ఊళ్లు, 12కి 12 వద్దన్నాయి. మీకు ఈర్ష్యగా ఉంటే చెప్పండి, తప్పులేదు.

మా ఊళ్లలో జూన్ 5న, పర్యావరణ దినం నాడు, మొక్క పట్టుకుని ఫొటో దిగే ఉద్యమకారులు చాలామందే తయారయ్యారు. అనుమతి పొందిన గని షరతులు పాటిస్తోందో లేదో చెప్పే ఆర్నెల్ల నివేదిక జూన్ 1నే ఇవ్వాలి, డిసెంబరు 1న ఇంకోటి. ఆ నాలుగు రోజుల్లో దాన్ని అడిగినవాడు ఒక్కడు కనపడితే మొక్క మేమే కొనిపెడతాం. మీ సభలో తీసిన వీడియో కూడా సమాచార హక్కు కింద 10 రూపాయలకి అడగొచ్చు, జవాబుకి గడువు 30 రోజులు. ఒడిశాలో ఫారం-ఎ మీద రాయమంటారు, తెల్లకాగితం పట్టుకెళ్లి తిరిగి రాకండని మావాళ్లకి చెబుతున్నాం. వీడియోనీ మినిట్స్‌నీ పక్కపక్కన పెట్టుకుని చూడడానికి సినిమాకన్నా బాగుంటుంది. అనుమతి వచ్చాక పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి అప్పీలుకి 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60. మనకి కోల్‌కతా బెంచి, రైలు టికెట్టు ముందే చూసుకోవాలి.

తా.క.: మినిట్స్ చివర్లో జనానికి వాళ్ల భాషలో చదివి వివరించాలని మీ జాతకంలోనే ఉంది. అది అయ్యేదాకా కుర్చీలు మడతపెట్టే కుర్రాళ్లని కాస్త ఆగమనండి.