ఎక్స్ఛేంజ్ ఆఫర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎక్స్ఛేంజ్ ఆఫర్ గారికి,

నల్లగొండ నుంచి నమస్కారాలు. దసరా ఇంకా ఎంతో దూరం ఉండగానే మీరు ఆటోకు మైకు కట్టుకుని మా గల్లీలోకి వచ్చారు. "పాతది తెండి, కొత్తది తీసుకుపోండి" అని ప్రకాశం బజార్ నుంచి క్లాక్ టవర్ దాకా ఒకటే మోత. మీ గొంతులోని జాలి విని మా అమ్మ సీరియల్ మధ్యలో టీవీ సౌండ్ తగ్గించింది. "ఎవరో పాపం, మన ఫ్రిజ్ గురించి అంత బాధపడుతున్నరు, ఒకసారి పోయి రా" అంది.

వచ్చాను. మీ షాపు కుర్రాడు మర్యాదస్తుడు. మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, మొదలుపెట్టాడు. నడుస్తోందా? కూలింగ్ ఉందా? డోర్ రబ్బరు బాగుందా? ట్రేలన్నీ ఉన్నాయా? ఒరిజినల్ బిల్లు ఉందా? పెళ్ళిచూపుల్లో మా చెల్లెలిని కూడా ఇన్ని అడగలేదు. అన్నిటికీ ఉంది ఉంది అన్నాక, లెక్క వేసి 1,800 అన్నాడు. అయ్యా, అన్నీ అంత బాగుంటే నేను మీ దగ్గరికి ఎందుకొస్తాను? పాడైతే మీరు తీసుకోరు, బాగుంటే నాకు ఇవ్వాల్సిన అవసరం లేదు. మరి ఈ ఆఫర్ ఎవరికోసం పెట్టినట్టు?

నా వెనక నిలబడ్డాయన దగ్గర పాతదేదీ లేదు. కాస్త గట్టిగా బేరమాడాడు. అదే 1,800 ఆయనకు డిస్కౌంట్ పేరుతో తగ్గించారు. అంటే మా ఫ్రిజ్‌కు మీరు కట్టిన విలువ సున్నా. ఇక ఆ తర్వాత వచ్చింది మీ తమ్ముడు, జీరో వడ్డీ ఈఎంఐ. వడ్డీ జీరోనే, కాకపోతే ప్రాసెసింగ్ ఫీజు ఉంది, పైగా డబ్బు ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు వాయిదాలకు రాదు. జీరో పర్సెంట్ వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఆ కాగితం మీ షాపుదాకా ఇంకా రాలేదేమో, పోస్టులో ఉండి ఉంటుంది.

"కొత్తది కరెంటు తక్కువ తింటది సార్, స్టార్లు చూడండి" అన్నాడు మీవాడు. అది మాత్రం నిజం, మా ఫ్రిజ్ తిండి కాస్త ఎక్కువే. కానీ 2024 మార్చి నుంచి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి నడుస్తోంది కదా, 200 యూనిట్లు దాటకపోతే మాకు బిల్లు లేదు. నెలాఖరులో మీటరు 180 దగ్గరికి వస్తే చాలు, మా అమ్మ మిక్సీని పక్కన పెట్టి రోలు కడుగుతుంది. మీ ఐదు స్టార్లూ ఆమె ముందు నిలబడలేవు.

అసలు ఏది పాతదో మీరెట్లా తేల్చారండీ? మా చిన్నమ్మ వాళ్ళది దేవరకొండ దగ్గర పల్లె. అడవిపందులు పల్లికాయ తవ్వుకుపోకుండా చేను చుట్టూ చీరలు కడతారు. గుంజకూ గుంజకూ మధ్య తాడు లాగి, చీర పై అంచు దానికి బిగించి, కింది అంచు నేల దాకా వదులుతారు. గాలికి గుడ్డ కదిలితే మనుషులున్నారనుకుని పంది వెనక్కి తిరుగుతుందని నమ్మకం. ఏ చీర పడితే ఆ చీర కట్టరు. నూలుదైతే బొంతకు పోతుంది, పాలిస్టర్‌దైతే చేనుకు వస్తుంది, ఎందుకంటే నూలు వానకు చీకిపోతుంది. చిన్నమ్మతో ఆ గట్టు మీద నడిస్తే చుట్టాల చరిత్రంతా తెలుస్తుంది. ఎవరు ఏ పెళ్ళికి ఏ చీర పెట్టారో, ఎవరు నాసిరకం పెట్టి తప్పించుకున్నారో, అంతా కంచె మీద ఉంటుంది. ఆడబిడ్డ పెట్టిన చీరను మాత్రం పందుల దారికి ఎదురుగా కట్టింది. అది కాకతాళీయమే అంటుంది.

బోరు మోటారు సంగతి కూడా వినండి. మోటారు కాలిపోతే మా దగ్గర ఏడుస్తూ కొత్తది కొనరు, ఏడుస్తూ వైండింగ్ షాపుకు పోతారు. ఆ షాపాయన కాలిన రాగి తీగను బయటికి లాగి, ఎన్ని చుట్లు, తీగ ఎంత మందం అని రాసుకుని, ప్లాస్టిక్ తొడుగున్న కొత్త తీగను ఒక్కో స్లాట్‌లోంచి చేత్తోనే లాగుతాడు. తీసేసిన రాగిని తూకం వేసి ఆ మేరకు బిల్లులో తగ్గిస్తాడు. ఎక్స్ఛేంజ్ అంటే అదీ! కాలిపోయినదానికి కూడా విలువ కట్టి, కాంటా మీద పెట్టి చూపించాడు. మీరు నడిచే ఫ్రిజ్‌కు చూపించలేకపోయారు. చివరికి బోరే ఎండిపోయిందనుకోండి, పైకి తీసిన జీఐ పైపులు బర్రెల కొట్టానికి గుంజలవుతాయి.

మీకంటే ముందు మా గల్లీలో ఈ వ్యాపారం నడిపింది పాత ఇనుముకు ఉల్లిగడ్డలిచ్చే బండాయన, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె. ఒక్క ప్యాంటు మీద ఆమెకూ మా అమ్మకూ మధ్యాహ్నమంతా వాదన నడిచేది. జిప్పు పనిచేస్తోందని అమ్మ, మోకాలు దగ్గర పలచబడిందని ఆమె. చివరికి గిన్నె మీద మూత కూడా ఇచ్చి పోయేది. ఇద్దరూ తామే గెలిచామనుకునేవాళ్ళు.

నా బండి కూడా సెకండ్ హ్యాండే. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు, అభ్యంతరం లేదని పాత ఫైనాన్స్‌వాళ్ళిచ్చే ఎన్‌ఓసీ, అన్నీ చూసుకునే కొన్నాను. నంబరు ఏపీ 24. రాష్ట్రం వచ్చాక కొత్త బళ్ళు టీఎస్ 05 అయ్యాయి, 2024లో టీజీ అయ్యాయి, నాది మాత్రం కిక్ కొడితే ఇప్పటికీ ఏపీగానే స్టార్ట్ అవుతుంది.

అన్నీ పాతవే వాడాలని నేనేం వ్రతం పట్టలేదు. హెల్మెట్, గ్యాస్ పైపు కొత్తవే కొంటాను. పొదుపు పేరుతో మా ఇంట్లో పిచ్చి కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి. సజ్జ మీద మూతల్లేని సీసాలు ఒక సంచిలో, సీసాల్లేని మూతలు ఇంకో సంచిలో ఉన్నాయి. ఒకదానికొకటి సరిపోవు. అయినా పారేయనివ్వరు.

ఇంతకీ అసలు పని చెప్పలేదు. పండుగ అయ్యాక మీ ఫ్లెక్సీలను ఏం చేస్తారు? చౌరస్తాలో కట్టిన పెద్దది మందంగా, గట్టిగా ఉంది. చిన్నమ్మ గడ్డివాము మీద కప్పడానికి సరిగ్గా సరిపోతుంది. కిందటేడు ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కప్పాం గానీ, రెండు వానలకే ఆయన నడుమ దగ్గర చీలిపోయాడు. దించేటప్పుడు కత్తితో కోయొద్దని మీ కుర్రాళ్ళకు చెప్పండి, అంచుల్లో రింగులుంటేనే తాడు కట్టుకోవడానికి వీలు. ఊరికే ఇవ్వమనడం లేదు, రెండు కిలోల ఉల్లిగడ్డలు పంపిస్తాం.

ఇట్లు,
మీ లిస్టులోకి రాని కస్టమర్,
నల్లగొండ